అగ్నిమాపక సిబ్బంది కుటుంబాలకు వాహన నంబరు ప్లేట్ల ద్వారా చేయూత: అమెరికా రాష్ట్రాల విధానం, మన దేశంలోని పరిస్థితి

(అగ్నిమాపక సేవా వారోత్సవాల సందర్భంగా పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం ప్రత్యేక వ్యాసం)

ప్రతి సంవత్సరం ఏప్రిల్ 14వ తేదీ నుండి 20వ తేదీ వరకు దేశవ్యాప్తంగా అగ్నిమాపక సేవా వారోత్సవాలు నిర్వహించడం ఆనవాయితీగా వస్తున్నది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో లంగరు వేసి ఉన్న ఫోర్ట్ స్టికిన్ అనే సరకుల నౌకలో సంభవించిన విస్ఫోటనంలో విధి నిర్వహణలో ఉన్న 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వారి స్మృత్యర్థమే ఈ వారం ఏర్పాటయింది. ఆ నౌకలో సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు, వాటితోపాటు పత్తి బేళ్ళు, బంగారు కడ్డీలు ఉన్నాయి. పత్తి, పేలుడు పదార్థాలు ఒకే నౌకలోకి ఎక్కించకూడదన్న ప్రాథమిక జాగ్రత్త యుద్ధకాలపు ఒత్తిడిలో పక్కకు పోయింది. మధ్యాహ్నం పొగ కనిపించగానే దళాలు చేరుకొని గొట్టాలతో నీరు చిమ్మడం ప్రారంభించాయి. సాయంత్రం 4 గంటలు దాటిన కొద్ది నిమిషాలకు మొదటి పేలుడు, ఆ తరువాత అరగంటలోపే మరింత తీవ్రమైన రెండవ పేలుడు సంభవించాయి. నౌకను వదలి వెళ్ళవచ్చునని అనుకునేలోపే అంతా జరిగిపోయింది.

వారోత్సవాలలో సంస్మరణ సభలు, ప్రదర్శనలు, పాఠశాలలలో అవగాహన కార్యక్రమాలు జరుగుతాయి. వీటిని గురించి పత్రికలు ఏటా విరివిగానే రాస్తున్నాయి. అయితే విధి నిర్వహణలో మరణించిన ఫైర్‌మన్ ఇంటి పరిస్థితి ఏమిటి, ఆ కుటుంబానికి సాయం ఏ మార్గాలలో అందుతుంది అన్న విషయంపై సమగ్ర సమాచారం అరుదుగా లభిస్తుంది. ఈ సందర్భంలోనే, అమెరికాలో వాహనాల ప్రత్యేక నంబరు ప్లేట్ల అమ్మకం ద్వారా అగ్నిమాపక సిబ్బంది కుటుంబాలకు నిధులు సమకూరుస్తున్నారని, ఇక్కడ ఫ్యాన్సీ నంబర్ల ఆదాయాన్ని అదే విధంగా ఎందుకు మళ్ళించరాదని అడిగేవారు ఉంటారు. ప్రశ్న సమంజసమైనదే. దానికి సమాధానం చెప్పాలంటే మాత్రం రెండు దేశాలలో నంబరు ప్లేటు అంటే ఏమిటో, వసూలయిన రుసుము ఏ ఖాతాకు చేరుతుందో ముందుగా తెలుసుకోవలసి ఉంటుంది.

అమెరికాలో నంబరు ప్లేటు

అమెరికాలో వాహనాల రిజిస్ట్రేషన్ పూర్తిగా రాష్ట్రాల అధికార పరిధిలోని అంశం. ప్లేటు రంగు, బొమ్మ, దానిపై ముద్రించే నినాదం అన్నీ ఆయా రాష్ట్రాలే నిర్ణయిస్తాయి. పలు రాష్ట్రాలలో ప్లేటును కారాగారాలలోని ఖైదీలు తయారు చేస్తారు. సాధారణ ప్లేటుతోపాటు, కొంత అదనపు రుసుము చెల్లించినవారికి ఏదో ఒక సంస్థ లేదా సేవా లక్ష్యం పేరిట ప్రత్యేక ప్లేటు ఇచ్చే పద్ధతి 1980వ దశకంలో విస్తరించింది. ఆ అదనపు రుసుములో ఒక భాగం ప్లేటు తయారీ, పరిపాలన ఖర్చులకు పోగా, మిగిలినది చట్టంలో పేర్కొన్న నిధికి జమ అవుతుంది. విశ్వవిద్యాలయాలు, వన్యప్రాణి సంరక్షణ, మాజీ సైనికులు, క్యాన్సర్ పరిశోధన, అగ్నిమాపక సిబ్బంది ఇలా ఎన్నో పేర్లతో నేడు ఈ ప్లేట్లు లభిస్తున్నాయి. చికాగో, డాలస్ వంటి నగరాలలో స్థిరపడిన మన తెలుగువారికి రోడ్డు మీద ప్రతి నిత్యం కనిపించే దృశ్యమే ఇది.

ఈ పద్ధతికి తొలినాళ్ళలో ప్రాచుర్యం తెచ్చినది కూడా ఒక విషాదమే కావడం గమనార్హం. 1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక కూలిపోయి ఏడుగురు వ్యోమగాములు మరణించగా, మరుసటి సంవత్సరం ఫ్లోరిడా రాష్ట్రం ఛాలెంజర్ పేరిట ప్రత్యేక ప్లేటును విడుదల చేసింది. దాని ఆదాయంతో కెనడీ అంతరిక్ష కేంద్రం వద్ద వ్యోమగాముల స్మారకం రూపుదిద్దుకొని 1991లో ప్రారంభమయింది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా నౌక కూలిపోయినప్పుడు మరణించిన ఏడుగురిలో హర్యానాలోని కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లా కూడా ఒకరు. ఆమె పేరు కూడా అదే స్మారక ఫలకంపై ఉంది. ఆ తరువాత ప్లేటుపై ఛాలెంజర్‌తోపాటు కొలంబియా పేరు కూడా చేర్చడం జరిగింది.

ఇలినాయ్ రాష్ట్ర నమూనా

అగ్నిమాపక సిబ్బంది విషయంలో స్పష్టంగా రూపొందిన నమూనాలలో ఇలినాయ్ రాష్ట్రానిది ఒకటి. చికాగో నగరం ఈ రాష్ట్రంలోనిదే. 1910 డిసెంబరు 22న చికాగోలోని పశువుల యార్డులలో చెలరేగిన మంటలను ఆర్పుతూ గోడ కూలి ఆ నగర అగ్నిమాపక శాఖ అధిపతితో సహా 21 మంది ఒకేసారి మరణించారు. ఆ చరిత్ర ఉన్న రాష్ట్రం కావడం వల్ల కాబోలు, అగ్నిమాపక సిబ్బంది స్మారకం అన్న ఆలోచనకు అక్కడ ప్రజల మద్దతు లభించింది. రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో శాసనసభా భవన ప్రాంగణంలో 1999లో స్మారకాన్ని ప్రతిష్ఠించారు. ఏటా మే నెలలో అక్కడ సంస్మరణ కార్యక్రమం జరుగుతుంది.

ఇలినాయ్ వాహన చట్టంలో అగ్నిమాపక సిబ్బంది స్మారక ప్లేటుకు ప్రత్యేక సెక్షను ఉంది. దాని ప్రకారం ఈ ప్లేటు కోరేవారు మామూలు రిజిస్ట్రేషన్ రుసుముకు అదనంగా తొలిసారి 27 డాలర్ల 50 సెంట్లు చెల్లించాలి. అందులో 15 డాలర్లు ప్లేటు ఖర్చుల కింద రాష్ట్ర కార్యదర్శి నిర్వహణలోని ప్రత్యేక ప్లేట్ల నిధికి, 12 డాలర్ల 50 సెంట్లు అగ్నిమాపక సిబ్బంది స్మారక నిధికి జమ అవుతాయి. ఆ తరువాత ప్రతి రెన్యువల్ సమయంలో 17 డాలర్లు చెల్లించవలసి ఉండగా, అందులో 15 డాలర్లు స్మారక నిధికే చేరుతాయి, 2 డాలర్లు మాత్రమే ఖర్చుల కింద పోతాయి. అనగా మొదటి ఏడాది ఖర్చే ఎక్కువ, నిధికి అందేది తక్కువ. వాహనదారుడు ఏటా ప్లేటును కొనసాగించినప్పుడే కుటుంబాలకు నిజమైన ప్రయోజనం కలుగుతుంది. ఒక్క ఏడాది ఉత్సాహం చూపి మానుకున్నవారి వల్ల స్మారక నిధికి దక్కేది 12 డాలర్లకు మించి స్వల్పమే.

స్మారక నిధి సొమ్మును స్మారక చిహ్నం నిర్మాణం, నిర్వహణ, వార్షిక సంస్మరణ, విధి నిర్వహణలో మరణించిన సిబ్బంది పిల్లలకు ఉపకార వేతనాలు, ఆ కుటుంబాలకు సహాయం వంటి ప్రయోజనాలకు వినియోగిస్తారు. ఇక్కడ అధికారులు గమనించవలసిన అంశం ఒకటుంది. ఈ నిధి రాష్ట్ర ఖజానాలోనే ప్రత్యేక నిధిగా ఉంటుంది. శాసనసభ కేటాయింపు ఆమోదించిన తరువాతనే సొమ్ము విడుదల అవుతుంది. ప్లేటు అమ్మిన వెంటనే ఒక ఫైర్‌మన్ భార్య చేతికి చెక్కు అందుతుందని అనుకోవడం సరికాదు.

ఫ్లోరిడాలోను అగ్నిమాపక సిబ్బందికి వందనం అన్న అర్థం వచ్చే పేరుతో ఒక ప్లేటు అమలులో ఉంది. కాలిఫోర్నియాలో ఆదాయపు పన్ను రిటర్నులోనే అగ్నిమాపక సిబ్బంది స్మారక నిధికి స్వచ్ఛందంగా విరాళం రాసే గడి ఉంది. వాహనం లేనివారు కూడా ఇవ్వగలిగే మార్గం అది.

స్వచ్ఛంద దళాలే అధికం

ఇటువంటి నిధులు అక్కడ ఎందుకు అవసరమయ్యాయో తెలియాలంటే ఆ దేశపు అగ్నిమాపక వ్యవస్థ స్వరూపం తెలియాలి. మన రాష్ట్రాలలో అగ్నిమాపక శాఖ ప్రభుత్వ శాఖ, సిబ్బంది ప్రభుత్వోద్యోగులు. అమెరికాలో అగ్నిమాపక సిబ్బందిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది స్వచ్ఛంద సేవకులు. పగలు దుకాణం నడుపుకొనేవాడు, బడిలో పాఠం చెప్పేవాడు, పొలం దున్నేవాడు సైరను మోగగానే పనిముట్లు పక్కన పెట్టి స్టేషనుకు పరుగెత్తుతాడు. అతడికి జీతం లేదు, పింఛను లేదు. అతడు మరణిస్తే ఆ ఇంటికి ఏమి మిగులుతుందన్న ప్రశ్న చిన్న పట్టణాలను చిరకాలంగా వేధిస్తూ వచ్చింది.

1947 ఏప్రిల్ 16న టెక్సాస్ రాష్ట్రంలోని టెక్సాస్ సిటీ రేవులో అమోనియం నైట్రేట్ ఎరువుతో ఉన్న గ్రాండ్‌క్యాంప్ నౌక పేలిపోయింది. బొంబాయి విస్ఫోటనం జరిగిన మూడేళ్ళ రెండు రోజులకు, దాదాపు అదే తీరున జరిగిన ప్రమాదమిది. నౌకలో పొగ, మంట ఆర్పడానికి చేరుకున్న దళం, ఆపై పేలుడు. ఆ పట్టణపు స్వచ్ఛంద అగ్నిమాపక దళంలో దాదాపు అందరూ ఆ ఒక్క ఉదయం మరణించారు. ఊరిలో మిగిలిన మంటలను ఆర్పడానికి పొరుగు పట్టణాల వారు రావలసి వచ్చింది. ఒకే వీధిలోని పలు ఇళ్ళలో ఒకేసారి సంపాదించే మనిషి లేకుండా పోవడం అన్నది ఎటువంటి స్థితియో ఊహించుకొనవచ్చును.

ఫెడరల్ ప్రభుత్వం 1976లో ప్రజా భద్రతాధికారుల ప్రయోజనాల చట్టం చేసి, విధి నిర్వహణలో మరణించిన పోలీసు, అగ్నిమాపక సిబ్బంది కుటుంబాలకు 50,000 డాలర్ల ఏకమొత్తం చెల్లింపును ప్రవేశపెట్టింది. స్వచ్ఛంద దళాల సభ్యులు కూడా దీని పరిధిలోకి వస్తారు. 2001లో న్యూయార్క్ దాడుల అనంతరం ఆ మొత్తాన్ని 2,50,000 డాలర్లకు పెంచారు. అది ధరల సూచికతో ముడిపడి ఉంటుంది. ప్రస్తుతం అది 4 లక్షల డాలర్లు దాటింది. భార్య లేక భర్త, పిల్లల ఉన్నత విద్యకు వేరుగా సహాయం ఉంది. 2003లో చేసిన మరొక చట్టం ద్వారా, విధి నిర్వహణలో గాని, ఆ తరువాత 24 గంటలలోపు గాని గుండెపోటు, పక్షవాతం వల్ల సంభవించే మరణాలను కూడా చేర్చారు. ఇది చిన్న మార్పుగా కనిపించవచ్చు. కాని అమెరికాలో విధి నిర్వహణలో జరిగే అగ్నిమాపక సిబ్బంది మరణాలకు ప్రధాన కారణం మంటలు కావు, గుండెపోటు. అంతవరకు ఆ కుటుంబాలలో ఎన్నో మీ మనిషి ప్రమాదంలో చనిపోలేదు కదా అన్న సమాధానం విని వెనుదిరిగినవే.

కాబట్టి నంబరు ప్లేట్ల నిధి అన్నది అక్కడ ప్రధాన ఆధారం కాదు. ఫెడరల్ చెల్లింపు, రాష్ట్ర పింఛను, బీమా ఉన్న తరువాత మిగిలే ఖాళీలను పూరించే అదనపు సాయం. పిల్లవాడి కళాశాల రుసుము, సంస్మరణ సభకు దూరప్రాంతం నుండి వచ్చే వృద్ధ తల్లిదండ్రుల ప్రయాణం, స్మారక రాతిపై పేరు చెక్కించడం వంటివి ఆ ఖాళీలలోనివి. చిన్న మొత్తాలే అయినా వీటికి ఏ ప్రభుత్వ పద్దు కిందా చోటు ఉండదు.

కాలిఫోర్నియా అనుభవం

ఈ విధానాన్ని ప్రశంసించేవారు కాలిఫోర్నియాలో జరిగినదానిని కూడా తెలుసుకోవడం అవసరం. 2001 సెప్టెంబరు 11 దాడులలో న్యూయార్క్ నగర అగ్నిమాపక శాఖకు చెందిన 343 మంది మరణించారు. ఆ దాడుల స్మృత్యర్థం కాలిఫోర్నియా 2002లో ఎన్నటికీ మరువము అన్న భావంతో ఒక ప్రత్యేక ప్లేటును ప్రవేశపెట్టింది. దాని ఆదాయంలో 15 శాతం దాడులలో మరణించిన కాలిఫోర్నియా వాసుల పిల్లలు, జీవిత భాగస్వాముల ఉపకార వేతనాలకు, మిగిలినది ఉగ్రవాద నిరోధక కార్యక్రమాలకు అని చట్టంలో నిర్దేశించారు. ప్రజలు పెద్ద సంఖ్యలో ప్లేట్లు కొన్నారు.

పదేళ్ళ తరువాత, 2012లో, అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ ఈ సొమ్ము లెక్కలను పరిశీలించింది. అప్పటికి వసూలయినది సుమారు 1.5 కోట్ల డాలర్లు. అందులో బాధితుల పిల్లల ఉపకార వేతనాలకు చేరినది సుమారు 21 వేల డాలర్లు మాత్రమే. సుమారు 30 లక్షల డాలర్లను రాష్ట్ర బడ్జెట్ లోటు పూడ్చుకోవడానికి అప్పుగా మళ్ళించారు. ఉపకార వేతనాలకు పేర్లు నమోదు చేసుకొనే గడువు 2005లోనే ముగిసింది. అయినప్పటికీ ప్లేట్ల అమ్మకం మాత్రం కొనసాగింది. 2013లో రాష్ట్ర ఆడిటరు ప్రత్యేక ప్లేట్ల వ్యవస్థపై తనిఖీ జరిపి, రుసుముల వసూలులోను, ఖర్చుల లెక్కలలోను లోపాలను నివేదించారు.

ఇందులో చట్టవిరుద్ధం ఏమీ జరగలేదని వాదించినవారు ఉన్నారు. అప్పుగా తీసుకోవడానికి శాసనసభ అనుమతించింది, 85 శాతం వాటా మొదటి నుండి వేరే అవసరానికే ఉద్దేశించారు అన్నది వారి వాదన. కాని ప్లేటు కొన్న మనిషి చట్టంలోని శాతాలు చదివి కొనడు. మరణించిన వారి పిల్లలకు పోతుందని నమ్మి కొంటాడు. అమ్మకపు ప్రకటన చెప్పినదానికి, చట్టం చెప్పినదానికి ఉన్న దూరమే అక్కడ అసలు సమస్య. బయటపెట్టినది ఒక వార్తా సంస్థ అన్న విషయం పాత్రికేయ మిత్రులు గుర్తుంచుకొనదగినది.

ప్లేట్ల సంఖ్యకు పరిమితులు

ప్రత్యేక ప్లేట్లకు అనుమతి కోరే సంస్థలు పెరగడంతో రాష్ట్రాలు కొన్ని షరతులు విధించాయి. కాలిఫోర్నియాలో కొత్త ప్లేటు తయారు కావాలంటే ముందుగా 7,500 మంది రుసుము చెల్లించి దరఖాస్తు చేసి ఉండాలి. ఫ్లోరిడా 2020లో చట్టం చేసి మొత్తం ప్రత్యేక ప్లేట్ల రకాలకు 150 అన్న పరిమితిని నిర్ణయించింది. రకరకాల రంగులు, బొమ్మల వల్ల నంబరు గుర్తించడం కష్టమవుతోందని పోలీసులు, టోల్ నిర్వాహకులు ఫిర్యాదు చేయడం కూడా ఇందుకు ఒక కారణం.

ఏ సంస్థకు ప్లేటు ఇవ్వాలి, దేనికి నిరాకరించాలి అన్న వివాదం అమెరికా సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. అంతర్యుద్ధ కాలపు కాన్ఫెడరేట్ పతాకంతో ప్లేటు కావాలన్న ఒక సంస్థ కోరికను టెక్సాస్ తిరస్కరించగా, ప్లేటుపై ఉన్న మాట ప్రభుత్వపు మాటే అవుతుంది కనుక నిరాకరించే హక్కు రాష్ట్రానికి ఉన్నదని 2015 జూన్‌లో న్యాయస్థానం 5-4 ఆధిక్యంతో తీర్పు చెప్పింది.

మన దేశంలో నంబరు ప్లేటు

భారతదేశంలో పరిస్థితి వేరు. మోటారు వాహనాల చట్టం, 1988, కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 దేశమంతటికీ ఒకే ప్రమాణాన్ని నిర్దేశిస్తున్నాయి. సొంత వాహనానికి తెల్లని పలకపై నల్లని అక్షరాలు, రవాణా వాహనానికి పసుపు పలకపై నల్లని అక్షరాలు, విద్యుత్ వాహనాలకు ఆకుపచ్చ పలక. అక్షరాల ఎత్తు, మందం, వాటి మధ్య ఎడం కూడా నిబంధనలలో ఉన్నాయి. 2001లో హై సెక్యూరిటీ రిజిస్ట్రేషన్ ప్లేట్లకు సంబంధించిన నిబంధన చేరింది. అల్యూమినియం పలక, అశోక చక్రం ఉన్న క్రోమియం హోలోగ్రాం, లేజరుతో చెక్కిన గుర్తింపు సంఖ్య, ఒకసారి బిగిస్తే తిరిగి తీయడానికి వీలుకాని తాళం దీని లక్షణాలు. 2019 ఏప్రిల్ 1 తరువాత తయారైన వాహనాలన్నింటికీ ఈ ప్లేటు తయారీదారు ద్వారానే వస్తోంది. దొంగతనాలు, నకిలీ నంబర్లు అరికట్టడం దీని ముఖ్యోద్దేశం. కనుక పలకపై బొమ్మలకు, నినాదాలకు, సంస్థల చిహ్నాలకు తావు లేదు. పదవి పేరో, శాఖ పేరో నంబరు పలకపై రాయించుకోవడం కూడా నిబంధనల ఉల్లంఘనే అవుతుంది. ఈ విషయంలో ప్రభుత్వోద్యోగులలోనే కొందరికి అవగాహన తక్కువ అని చెప్పక తప్పదు.

మన రాష్ట్రాలలో రాష్ట్ర సంకేతాక్షరాలు మారిన సంగతి విదితమే. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ వాహనాలకు టీఎస్, 2024 మార్చి నుండి టీజీ అన్న అక్షరాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుండి జిల్లాలన్నింటికీ కలిపి ఏపీ 39 శ్రేణి అమలులోకి వచ్చింది.

ఫ్యాన్సీ నంబర్ల ఆదాయం

మన దగ్గర వాహనదారు అదనపు సొమ్ము చెల్లించేది పలక కోసం కాదు, దానిపై ఉండే అంకెల కోసం. 9999, 0001, 0999 వంటి సంఖ్యలను ముందుగా రిజర్వు చేసుకోవడానికి మోటారు వాహనాల నిబంధనలలో రుసుములు నిర్ణయించారు. ఒకే సంఖ్యకు ఒకరికి మించి పోటీపడితే వేలం జరుగుతుంది. కూడితే తొమ్మిది రావాలన్న నమ్మకం కొందరిది, పాత కారు సంఖ్యే కొత్త కారుకు కావాలన్న పట్టుదల మరికొందరిది. హైదరాబాద్‌లోని ఖైరతాబాద్ రవాణా కార్యాలయంలో 2024లో టీజీ 09 9999 అన్న ఒక్క నంబరు రూ. 25 లక్షలకు పైగా పలికింది.

ఇంత ఆదాయం వస్తున్నప్పుడు అందులో కొంత అమర ఫైర్‌మన్ల కుటుంబాలకు ఇవ్వవచ్చును కదా అన్న సూచనకు సాంకేతికంగా సమాధానం ఇది. రాజ్యాంగం 266వ అధికరణం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వానికి వచ్చే రాబడి అంతా సంచిత నిధికి జమ కావాలి. 204వ అధికరణం ప్రకారం శాసనసభ ఆమోదించిన ద్రవ్య వినియోగ చట్టం లేకుండా అందులోనుంచి పైసా తీయరాదు. రవాణా కార్యాలయంలో వసూలయిన వేలం సొమ్మును అక్కడినుంచే మరొక శాఖ సంక్షేమానికి పంపే వీలు లేదు. అలాగని అసాధ్యమూ కాదు. రుసుముపై సెస్సు విధించి, దానిని ప్రత్యేక ప్రయోజనానికి కేటాయిస్తూ చట్టం చేయవచ్చు, లేదా ఆదాయంతో నిమిత్తం లేకుండా బడ్జెట్‌లో సంక్షేమ పద్దు కింద నేరుగా కేటాయించవచ్చు. రెండవది సులభం. పైన చెప్పిన కాలిఫోర్నియా అనుభవం దృష్ట్యా, నిధికి పేరు పెట్టినంత మాత్రాన సొమ్ము చేరవలసిన ఇంటికి చేరుతుందన్న హామీ లేదు. ఎవరికి, ఎంత, ఎన్నాళ్ళలో అన్నది ఉత్తర్వులోనే ఉంటే తప్ప ఏ నిధి అయినా ఖజానాలో నిద్రపోతుంది.

వాహనంతో ముడిపడిన విరాళం అన్న భావన మనకు కొత్త కాదు. సాయుధ దళాల పతాక దినోత్సవాన్ని 1949 నుండి ఏటా డిసెంబరు 7న జరుపుకొంటున్నాము. ఆ సందర్భంగా చొక్కాకు తగిలించే చిన్న పతాకాలతోపాటు కార్లకు అమర్చే పతాకాలను కూడా సైనిక సంక్షేమ శాఖ ద్వారా పంపిణీ చేసి విరాళాలు స్వీకరిస్తారు. యుద్ధాలలో మరణించిన సైనికుల భార్యాబిడ్డలు, వికలాంగులైన జవానులు, మాజీ సైనికుల సంక్షేమానికి ఆ నిధి ఉపయోగపడుతోంది. నంబరు పలకను ముట్టుకోకుండా, చట్టాన్ని మార్చకుండా సాధ్యమైన పద్ధతి ఇది. అగ్నిమాపక వారోత్సవాలలోను కొన్ని రాష్ట్రాలలో ఇదే తీరున చిన్న పతాకాలు తొడిగి విరాళాలు తీసుకొనే ఆచారం ఉంది. అయితే సైనిక పతాక దినోత్సవానికి ఉన్న ప్రచారంలో పదోవంతైనా దీనికి లేదని ఒప్పుకోవాలి. అందుకు మా వంటి ప్రచార శాఖల బాధ్యత కూడా కొంత ఉంది.

మన రాష్ట్రాలలో కుటుంబాలకు లభించేవి

రాజ్యాంగం 12వ షెడ్యూలులో అగ్నిమాపక సేవలు మునిసిపల్ సంస్థల విధుల జాబితాలో ఉన్నప్పటికీ, మన రాష్ట్రాలలో ఈ సేవలను రాష్ట్ర ప్రభుత్వ శాఖే నిర్వహిస్తున్నది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో అగ్నిమాపక సేవల చట్టం వచ్చింది. సిబ్బంది ప్రభుత్వోద్యోగులు కనుక, వారు మరణించినప్పుడు కుటుంబానికి కుటుంబ పింఛను, గ్రాట్యుటీ, ప్రభుత్వ జీవిత బీమా, సామూహిక బీమా మొత్తాలు, అర్హతను బట్టి ఒకరికి కారుణ్య నియామకం లభిస్తాయి. సంఘటన తీవ్రతను బట్టి ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ప్రకటించడం కూడా ఉంది. 2004 సెప్టెంబరు 1 తరువాత నియమితులైన వారు భాగస్వామ్య పింఛను పథకం పరిధిలోకి వస్తారు కనుక, ఫైర్‌మన్ ఎప్పుడు ఉద్యోగంలో చేరాడన్న తేదీపై కుటుంబానికి అందే మొత్తం ఆధారపడి ఉంటుంది. వార్తలు రాసేటప్పుడు ఈ తేదీ కనుక్కోవడం మంచిది.

ఆచరణలో కుటుంబాలు ఇబ్బంది పడేది హక్కులు లేక కాదు. కాగితాలు సకాలంలో కదలకపోవడం వల్ల. మరణ ధ్రువీకరణ పత్రం, చట్టబద్ధ వారసుల పత్రం, నామినేషన్ పత్రాలు, సర్వీసు రిజిస్టరులోని నమోదులు సరిపోలకపోతే ప్రతి కార్యాలయంలోను ఒక ఆక్షేపణ పడుతుంది. పెళ్ళికి ముందు తల్లి పేర రాసిన నామినేషన్ మార్చకుండా వదిలేసిన ఉద్యోగులు అన్ని శాఖలలోను కనిపిస్తారు. స్టేషన్ ఫైర్ ఆఫీసర్ స్థాయిలోనే ఏటా వారోత్సవాలకు ముందు సిబ్బంది నామినేషన్లను ఒకసారి సరిచూస్తే, ఖర్చు లేకుండా జరిగే సాయం అది. మంటలార్పే పనిలో ఉన్న మనిషి దగ్గర ఈ పత్రాలు సరిగా లేకపోతే, ఇంటావిడ నెలల తరబడి తిరగవలసి వస్తుంది.

శకటానికి దారి

వాహనదారులకు సంబంధించి మరొక నిబంధనను ఈ సందర్భంగా ప్రస్తావించడం ఉచితం. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ద్వారా 194-ఇ సెక్షను చేరింది. అగ్నిమాపక శకటానికి గాని, అంబులెన్సుకు గాని దారి ఇవ్వని వాహన చోదకుడికి 6 నెలల వరకు జైలు శిక్ష లేదా రూ. 10,000 జరిమానా లేదా రెండూ విధించవచ్చు. ఇరుకు సందులలో శకటం ఆగిపోయినప్పుడు సిబ్బంది గొట్టాలు భుజాన మోసుకొని పరుగెత్తవలసి వస్తుంది. లోపలికి చేరేటప్పటికి మంట పెరిగి ఉంటుంది. అప్పుడు ప్రమాదం పెరిగేది ఇంట్లో చిక్కుకున్నవారికి మాత్రమే కాదు.

పాత్రికేయులకు సూచన

అమెరికా ప్లేట్లను గురించి రాసేటప్పుడు మూడు రకాలను వేరువేరుగా చూడాలి. మొదటిది, ఉద్యోగంలో ఉన్న లేదా విరమించిన అగ్నిమాపక సిబ్బందికి మాత్రమే ఇచ్చే గుర్తింపు ప్లేటు. దీనివల్ల కుటుంబాలకు నిధి సమకూరవచ్చు, సమకూరకపోవచ్చు. రెండవది, ఇలినాయ్‌లో వలె ఎవరైనా కొనగలిగే స్మారక ప్లేటు. మూడవది, అదనపు రుసుము చెల్లించి కోరుకున్న అక్షరాలు, అంకెలు వేయించుకొనే సొంత ప్లేటు. మన ఫ్యాన్సీ నంబరుకు దగ్గరగా ఉండేది ఈ మూడవదే. అంతర్జాలంలో కనిపించే మొత్తాలలో స్థూల వసూలు, నిధికి చేరిన నికర మొత్తం, కుటుంబాలకు వాస్తవంగా చెల్లించిన మొత్తం అన్నవి తరచు కలిసిపోయి ఉంటాయి. రాష్ట్ర చట్టంలోని సెక్షను, ఆ రాష్ట్ర ఆడిటరు నివేదిక రెండింటినీ చూసిన తరువాతనే అంకెలు ఉదహరించడం మంచిది. డాలర్లను రూపాయలలోకి మార్చేటప్పుడు ఏ సంవత్సరపు మారకపు విలువ తీసుకున్నారో కూడా పేర్కొనాలి. 1976 నాటి 50,000 డాలర్లను నేటి రేటుతో గుణించి ప్రచురిస్తే అది తప్పుడు లెక్క అవుతుంది.